అమెరికా వెళ్తున్న అమ్మానాన్నకు ఇన్సూరెన్స్.. అసలు చిక్కంతా బీపీ, షుగర్ దగ్గరే!

వేసవి వచ్చిందంటే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కనిపించే సీన్ ఒకటే. ట్రాలీ మీద రెండేసి సూట్‌కేసులు, అందులో ఆవకాయ, కారప్పొడి, మనవడికి జంతికలు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు. సూట్‌కేసు బరువు ఇంటి దగ్గర మూడుసార్లు తూసుకుని మరీ వస్తారు. ఇన్సూరెన్స్ పేపర్ మాత్రం కొడుకో కూతురో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ రూపంలో ఫోన్‌లోనే ఉండిపోతుంది. దాన్ని తెరిచి చదివేవాళ్లు చాలా తక్కువ. చదవాల్సి వచ్చేది ఎమర్జెన్సీ రూమ్ బయట కుర్చీలో కూర్చున్నాకే.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది కొత్త టాపిక్ కాదు. అయితే 2026లో లెక్క కొంచెం మారింది. టూరిస్ట్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు పాత సమస్యే ఉంది. గ్రీన్‌కార్డ్ మీద వచ్చి స్థిరపడే తల్లిదండ్రులకు మాత్రం కొత్త సమస్య వచ్చి పడింది. "ఏ కంపెనీ మంచిది?" అనే ప్రశ్నతో మొదలుపెడితే ఈ రెండూ అర్థం కావు. ముందు చూడాల్సింది రెండే. అమ్మానాన్న ఏ స్టేటస్ మీద ఉన్నారు? వాళ్లకు ముందు నుంచి ఉన్న జబ్బులేంటి?

రెండు ప్లాన్లు.. ఒకే రేటు కాదు, ఒకే సరుకూ కాదు

ఒక ఉదాహరణ అనుకుందాం. వరంగల్‌లో రిటైరైన టీచర్, వయసు 68. పదేళ్లుగా బీపీ, ఆరేళ్లుగా షుగర్. ఆవిడకు 63, థైరాయిడ్ ఉంది, మోకాళ్ల నొప్పులు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఆరు నెలలు ఉండొద్దామని బయల్దేరుతున్నారు. కొడుకు ఆఫీసులో మంచి ఇన్సూరెన్సే ఉంది. కానీ అమెరికాలో కంపెనీలు ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ సాధారణంగా భార్య లేదా భర్తకు, పిల్లలకు వర్తిస్తుంది. తల్లిదండ్రులకు వర్తించడం అరుదు. ఇండియాలో కంపెనీ పాలసీలో అమ్మానాన్నను చేర్చుకున్న అలవాటుతో చాలామంది ఇక్కడే మొదటి షాక్ తింటారు.

సరే, వెబ్‌సైట్ ఓపెన్ చేశాడు. ఒక ప్లాన్ నెలకు 60 డాలర్లు, ఇంకోటి 200 పైన చూపిస్తోంది అనుకుందాం. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో కవరేజీ అంకె ఉంటుంది. చౌక ప్లాన్ మీద 50 వేల డాలర్లు అని ఉంది. రూపాయల్లో చూస్తే 40 లక్షలు దాటుతుంది. చాలు కదా అనిపిస్తుంది.

అసలు తేడా అక్కడే. చౌకగా కనిపించే చాలా ప్లాన్లు 'ఫిక్స్‌డ్ బెనిఫిట్' రకం. అంటే బిల్లు ఎంతైనా సరే, ఒక్కో ఐటమ్‌కు ఇంతే అని ముందే రాసి పెట్టుకుంటారు. ఐసీయూ రోజుకు ఇంత, సర్జరీకి ఇంత, డాక్టర్ చూస్తే ఇంత. మిగతాది పేషెంట్ జేబులోంచే. రెండో రకం 'కాంప్రిహెన్సివ్'. ఇందులో మొదట కొంత మొత్తం మనం కట్టాలి, దాన్ని డిడక్టబుల్ అంటారు. తర్వాత ఒక పరిమితి వరకు కంపెనీ 80 శాతం, మనం 20 శాతం. ఆ పరిమితి దాటాక పాలసీ గరిష్ఠ మొత్తం వరకు కంపెనీయే భరిస్తుంది.

అంకెల్లో పెట్టి చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఐదు రోజులు ఐసీయూ, ఒక సర్జరీ, మొత్తం బిల్లు 80 వేల డాలర్లు అయిందనుకుందాం. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఐసీయూకి రోజుకు 2 వేల చొప్పున 10 వేలు, సర్జరీకి 4 వేలు, డాక్టర్ ఫీజులు, టెస్టులు కలిపి వెయ్యి వచ్చాయనుకుంటే, కంపెనీ ఇచ్చేది 15 వేలు. మిగిలిన 65 వేల డాలర్లు కుటుంబం కట్టుకోవాలి. ప్లాన్ మీద రాసి ఉన్న 50 వేలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, ఆ అంకె చేరుకునే దారే ఇందులో లేదు. అదే బిల్లుకు లక్ష డాలర్ల గరిష్ఠ పరిమితి ఉన్న కాంప్రిహెన్సివ్ ప్లాన్ ఉంటే? డిడక్టబుల్ 250, తర్వాత మొదటి 5 వేలల్లో 20 శాతం అంటే వెయ్యి. కుటుంబం మీద పడేది 1,250 డాలర్లు.

నెలకు 140 డాలర్లు మిగిలాయనుకున్న చోట 65 వేలు పోయాయన్నమాట. కాబట్టి కాంప్రిహెన్సివ్ కొనేస్తే సరిపోతుందా? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

'గ్యాస్ అయ్యుంటుందిలే' అంటే క్లెయిమ్ పోయినట్టే

విజిటర్ ఇన్సూరెన్స్‌లో మామూలు రూల్ ఏంటంటే.. పాలసీ మొదలవ్వకముందు నుంచి ఉన్న జబ్బు కవర్ కాదు. దీన్నే ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్ అంటారు. బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా, కిడ్నీ సమస్య.. అరవై దాటిన మన ఇళ్లలో వీటిలో ఒకటైనా లేనివాళ్లు ఎంతమంది?

ఇందులో చాలామందికి తెలియని మెలిక ఇంకోటుంది. "మా నాన్నకు షుగర్ ఉందని ఇక్కడికొచ్చాకే తెలిసింది, ముందు లేదు" అంటే కుదరదు. చాలా పాలసీల్లో నిర్వచనం ఎలా ఉంటుందంటే, జబ్బు పాలసీ తేదీకి ముందే శరీరంలో ఉంటే చాలు, అది ఎవరికీ తెలియకపోయినా, టెస్టులో తేలకపోయినా ప్రీ-ఎగ్జిస్టింగ్ కిందే లెక్క. టెస్టులు చేయించుకోకపోవడం ఇక్కడ ఏ రకంగానూ కాపాడదు.

దీనికి కంపెనీలు ఇచ్చే వెసులుబాటు పేరు 'అక్యూట్ ఆన్‌సెట్'. పాత జబ్బే అయినా ముందస్తు లక్షణాలేమీ లేకుండా, హఠాత్తుగా, ఒక్కసారిగా ముదిరి వెంటనే వైద్యం అవసరమైతే కవర్ చేస్తాం అంటారు. బీపీ ఉన్న మనిషికి ఉన్నట్టుండి స్ట్రోక్ రావడం లాంటిది. వినడానికి బాగానే ఉంది. షరతులు చూస్తేనే తెలుస్తుంది అసలు సంగతి. లక్షణం మొదలైన 24 గంటల్లోపు వైద్యం తీసుకోవాలి అని చాలా పాలసీల్లో ఉంటుంది. మెల్లగా ముదిరే జబ్బు ఇందులోకి రాదు. డాక్టర్ ముందే "జాగ్రత్త, ఆపరేషన్ పడొచ్చు" అని చెప్పి ఉంటే అదీ రాదు. రెగ్యులర్ చెకప్, మందుల రీఫిల్, డయాలసిస్ వంటివి అసలు లెక్కలోకే రావు.

ఆ 24 గంటల షరతే మనవాళ్లకు పెద్ద గండం. ఎందుకంటే మన నాన్నల సంగతి తెలిసిందే. రాత్రి ఛాతీలో పట్టేసినట్టుంటే "గ్యాస్ అయ్యుంటుందిలే" అని ఈనో కలుపుకుని తాగి పడుకుంటారు. పొద్దున కొడుక్కి ఆఫీస్ కాల్స్ ఉంటాయని చెప్పరు. ఆసుపత్రికి వెళ్తే వేలకు వేలు బిల్లు వేస్తారని పక్కింటి ఆంటీ చెప్పింది కాబట్టి అసలే చెప్పరు. మూడో రోజు తట్టుకోలేక "ఒరేయ్, కొంచెం ఇబ్బందిగా ఉందిరా" అంటారు. ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, నొప్పి ఎప్పటి నుంచి? కొడుకు అనువదించి చెప్తాడు.. మూడు రోజుల నుంచి. అది రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ చూసేటప్పుడు అడిగేది ఆ మెడికల్ రికార్డే. కొన్నిసార్లు ఇండియాలో చూపించుకున్న డాక్టర్ రికార్డులూ అడుగుతారు.

అబద్ధం చెప్పమని కాదు. అబద్ధం చెప్తే వైద్యమే తప్పుదారి పడుతుంది, పాలసీ కూడా రద్దవుతుంది. విషయం ఏంటంటే, బిల్లు భయంతో ఆగడమే బిల్లును పెంచుతోంది. విమానం ఎక్కకముందే అమ్మానాన్నకు చెప్పాల్సిన మాట ఇది: ఏ కొత్త లక్షణం కనిపించినా అదే రోజు చెప్పాలి, పిల్లలు మీటింగ్‌లో ఉన్నా సరే. ప్రాణానికీ అదే మంచిది, పాలసీకీ అదే మంచిది.

వయసు పెరిగే కొద్దీ ఈ వెసులుబాటు కూడా కుదించుకుపోతుంది. 70 దాటితే చాలా ప్లాన్లలో గరిష్ఠ కవరేజీ తగ్గిపోతుంది. అక్యూట్ ఆన్‌సెట్ కవర్ కొన్నింట్లో 70 వరకే, కొన్నింట్లో 80 వరకే. అందుకే మన ఉదాహరణలోని 68 ఏళ్ల మాస్టారికి ఈ ఏడాది దొరికే ప్లాన్, రెండేళ్ల తర్వాత అదే రేటుకు, అదే కవర్‌తో దొరకదు. పాత జబ్బులకు పరిమితంగానైనా నేరుగా కవర్ ఇచ్చే ప్లాన్లు కొన్ని ఉన్నాయి. ప్రీమియం బాగా ఎక్కువ, కొన్నింటిని కనీసం 90 రోజులకు తీసుకోవాలి. గుండెకు స్టెంట్ పడ్డ మనిషిని ఆరు నెలలకు తీసుకెళ్తుంటే ఈ రకం ప్లాన్ వైపు చూడటం వృథా ఖర్చు కాదు.

ఇండియాలో కొంటే?

హైదరాబాద్‌లోనే ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనడం రూపాయల్లో చౌక. మెడికల్ కవర్ డాలర్లలో ఇస్తారు కూడా. కానీ 60 దాటినవాళ్లకు గది అద్దెకు ఇంత, ఐసీయూకి ఇంత, సర్జరీకి ఇంత అని ఉప పరిమితులు పెట్టే పాలసీలు ఉన్నాయి. అలా అయితే పైన చెప్పిన ఫిక్స్‌డ్ ప్లాన్ కథే మళ్లీ. పాత జబ్బులకు ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే, అదీ తక్కువ మొత్తానికి కవర్ ఉండొచ్చు. ఇంకో ప్రాక్టికల్ సమస్య, అమెరికా ఆసుపత్రి ఆ కార్డును గుర్తిస్తుందా, నేరుగా బిల్లు కంపెనీకి పంపిస్తుందా అనేది. గుర్తించకపోతే ముందు మనం కట్టి తర్వాత రీయింబర్స్‌మెంట్ కోసం తిరగాలి. అమెరికా ప్లాన్లలో పెద్ద ఆసుపత్రుల నెట్‌వర్క్ ఉన్నవి ఈ విషయంలో కొంత మెరుగు.

ఇక ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, రిటైర్డ్ ఉద్యోగుల హెల్త్ స్కీమ్, 70 దాటినవాళ్లకు 2024 అక్టోబర్‌లో మొదలైన 5 లక్షల ఆయుష్మాన్ కవర్.. ఇవేవీ అమెరికా ఆసుపత్రిలో బిల్లు కట్టవు.

"ఎవాక్యుయేషన్ కవర్ ఉంది కదా, సీరియస్ అయితే హైదరాబాద్ పంపించేస్తారు" అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కవర్ ఉద్దేశం వేరు. ఉన్న చోట తగిన వైద్యం దొరకనప్పుడు దొరికే దగ్గరి చోటికి తరలించడానికి అది. డాలస్‌లో వైద్యం దొరకదని ఏ కంపెనీ ఒప్పుకుంటుంది?

కెనడాలో తప్పనిసరి.. అమెరికాలో మీ ఇష్టం

టూరిస్ట్ వీసా మీద వచ్చేవాళ్లు ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే అని అమెరికా రూల్ పెట్టలేదు. పక్కనే ఉన్న కెనడా అలా వదిలేయలేదు. అక్కడ తల్లిదండ్రుల సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడియన్ డాలర్ల కవర్, ఏడాది పాటు చెల్లుబాటు అయ్యే పాలసీ చూపించాలి. ఒకప్పుడు కెనడా కంపెనీల దగ్గరే కొనాల్సి వచ్చేది. 2025 జనవరి నుంచి నిబంధనలకు సరిపోయే విదేశీ కంపెనీల పాలసీలు కూడా తీసుకుంటున్నారు. టొరంటోలో కొడుకు, న్యూజెర్సీలో కూతురు ఉన్న ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. కొడుకు దగ్గరికి పాలసీతో వెళ్తారు, కూతురు దగ్గరికి దేవుడి మీద భారం వేసి వెళ్తారు.

గ్రీన్‌కార్డ్ వచ్చింది.. ఇన్సూరెన్స్ పోయింది!

ఇప్పుడు రెండో గుంపు దగ్గరికి వద్దాం. పిల్లలకు అమెరికా పౌరసత్వం వచ్చింది, అమ్మానాన్నను స్పాన్సర్ చేశారు, గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఇక 65 దాటారు కాబట్టి మెడికేర్ వచ్చేస్తుందని అనుకుంటారు. రాదు.

మెడికేర్ అంటే అమెరికాలో 65 దాటినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. అక్కడ సుమారు పదేళ్లు పని చేసి పన్ను కట్టినవాళ్లకు ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ఉచితం. కొడుకు ఇరవై ఏళ్లుగా అక్కడ పన్ను కడుతున్నా ఆ లెక్క నాన్నకు పనికిరాదు. అమెరికాలో పని చేయని గ్రీన్‌కార్డ్ తల్లిదండ్రులు 65 నిండి, వరుసగా ఐదేళ్లు అక్కడ నివాసం ఉన్నాకే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరొచ్చు. ఎంత కట్టాలి? 2026లో పార్ట్ ఏ కు నెలకు 565 డాలర్లు, డాక్టర్ ఖర్చులు చూసే పార్ట్ బీ కి 202.90 డాలర్లు. ఒక్కరికి 767.90. ఇద్దరికీ కలిపి నెలకు 1,535 డాలర్ల పైనే. మందుల కవర్ అయిన పార్ట్ డీ దీనికి అదనం. పార్ట్ ఏ వద్దనుకుంటే పార్ట్ బీ ఒక్కటే తీసుకోవచ్చు, కానీ అప్పుడు ఆసుపత్రిలో అడ్మిట్ అయితే ఆ బిల్లు మనదే.

2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన భారీ పన్నుల చట్టం వలసదారుల్లో కొన్ని వర్గాలను మెడికేర్ నుంచి తప్పించింది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లను తప్పించలేదు. కాబట్టి ఐదేళ్ల తర్వాత దారి ఉంది. ఆ ఐదేళ్లూ ఎలా అన్నదే ప్రశ్న. పేదలకు ఇచ్చే మెడికెయిడ్‌కు కూడా 1996 చట్టం ప్రకారం చాలామంది గ్రీన్‌కార్డ్ హోల్డర్లు ఐదేళ్లు ఆగాలి. కొన్ని రాష్ట్రాలు సొంత డబ్బుతో మినహాయింపులు ఇస్తున్నాయి, అన్నీ కాదు.

ఇన్నాళ్లూ ఈ గ్యాప్‌ను నింపింది ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్. అక్కడ కొనే ప్లాన్లలో పాత జబ్బులున్నాయని తిరస్కరించకూడదు, ఎక్కువ ప్రీమియం వేయకూడదు. బీపీ, షుగర్ ఉన్న మన మాస్టారికి ఇంతకంటే కావాల్సిందేముంది? పైగా సబ్సిడీ వచ్చేది. అమెరికాలో ఆదాయం లేని, గ్రీన్‌కార్డ్ కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు దారిద్య్రరేఖ కంటే తక్కువ ఆదాయం ఉన్నా, మెడికెయిడ్‌కు అర్హత లేదు కాబట్టి ప్రత్యేకంగా సబ్సిడీ ఇచ్చేవారు. చాలా ఇళ్లలో ప్రీమియం నామమాత్రంగా పడేది అందుకే.

అదే చట్టం ఈ వెసులుబాటును 2026 జనవరి 1 నుంచి తీసేసింది.

దీని ప్రభావం ఎలా ఉంటుందో చూడండి. మాస్టారికి నెలకు 40 వేల రూపాయల పెన్షన్ అనుకుంటే, ఏడాదికి 5 వేల డాలర్ల పైచిలుకు. 2026 కవరేజీకి తీసుకునే దారిద్య్రరేఖ లెక్క ఇద్దరికి 21,150 డాలర్లు. వరంగల్‌లో దర్జాగా బతికే పెన్షన్ అక్కడి కాగితాల మీద పేదరికం కిందకు వస్తుంది. గతంలో ఆ పేదరికమే సబ్సిడీ తెచ్చేది. ఇప్పుడు ఆ పేదరికమే సబ్సిడీ రాకుండా అడ్డుపడుతోంది.

పోనీ, కొడుకు తన ట్యాక్స్ రిటర్న్‌లో అమ్మానాన్నను డిపెండెంట్లుగా చూపిస్తే? అప్పుడు కుటుంబ ఆదాయం అంటే కొడుకు, కోడలి జీతాలు కలిపిన లెక్క. ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇద్దరి జీతాలు కలిస్తే దారిద్య్రరేఖకు నాలుగు రెట్ల పరిమితి దాటిపోవడం మామూలే. కొవిడ్ కాలంలో తెచ్చిన అదనపు సబ్సిడీ ఉన్నన్నాళ్లు ఆ పరిమితి వర్తించలేదు. ఆ అదనపు సబ్సిడీ గడువు 2025 డిసెంబర్ 31తో ముగిసింది. అంటే కింద నుంచి చూసినా రాదు, పై నుంచి చూసినా రాదు. మధ్యలో ఉన్న కొద్దిమందికే వస్తుంది.

సబ్సిడీ లేకుండా పూర్తి రేటు కడితే? ఈ వయసువాళ్లకు చాలా రాష్ట్రాల్లో ఒక్కరికే నెలకు వెయ్యి డాలర్లు దాటుతోంది. ఇద్దరికి ఏడాదికి 24 వేల డాలర్ల పైన. ఐదేళ్లకు లెక్క వేసుకుంటే రూపాయల్లో కోటి దాటుతుంది. హన్మకొండలో ఒక ఫ్లాట్ ఖరీదు!

కాబట్టే కొన్ని కుటుంబాలు గ్రీన్‌కార్డ్ ఉన్న తల్లిదండ్రులకు కూడా విజిటర్ తరహా ప్లాన్ కొని సరిపెట్టుకోవాలని చూస్తాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. అలాంటి కొన్ని పాలసీలు అమెరికాలో స్థిరపడ్డవాళ్లకు చెల్లవు, లేదా వచ్చిన తర్వాత కొద్ది కాలం వరకే చెల్లుతాయి. ఇంకోటి, పాత జబ్బుల సమస్య అలాగే ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకోవాలనుకుంటే అమెరికాకు మారిన తర్వాత 60 రోజుల ప్రత్యేక గడువు ఉంటుంది. అది మిస్సయితే నవంబర్ 1న మొదలయ్యే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వరకు ఆగాలి. విమానం దిగిన అలసట, మనవడి బర్త్‌డే, టెంపుల్, ఔట్‌లెట్ మాల్ షాపింగ్.. రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

తిరుగు ప్రయాణాల లెక్క కూడా ముఖ్యమే. చాలామంది గ్రీన్‌కార్డ్ తల్లిదండ్రులు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అన్నట్టు ఉంటారు. మెడికేర్‌కు కావాల్సింది వరుసగా ఐదేళ్ల నివాసం. చిన్న ప్రయాణాలతో అది తెగదు కానీ, దీర్ఘకాలం ఇండియాలో ఉండిపోతే ప్రశ్నలు వస్తాయి. తీరా మెడికేర్ వచ్చాక దాన్ని పట్టుకుని హైదరాబాద్ వస్తే ఇక్కడ పనిచేయదు, మామూలుగా అమెరికా బయట వైద్యానికి మెడికేర్ డబ్బు ఇవ్వదు. ఐదేళ్లు నిండే నెలకు మూడు నెలల ముందు నుంచి మూడు నెలల తర్వాత దాకా చేరే అవకాశం ఉంటుంది. ఆ టైమ్‌లో ఊళ్లో ఉండి మర్చిపోతే, ఆలస్యమైన ప్రతి 12 నెలలకు పార్ట్ బీ ప్రీమియం మీద 10 శాతం పెనాల్టీ పడుతుంది. అదీ ఒక్కసారి కాదు, పార్ట్ బీ ఉన్నన్నాళ్లూ.

అసలు గ్రీన్‌కార్డ్ ఇచ్చేముందే ఆరోగ్యం చూస్తున్నారు. 2025 నవంబర్‌లో వీసా అధికారులకు అమెరికా విదేశాంగ శాఖ కొత్త సూచనలు పంపింది. ఇమిగ్రెంట్ వీసా అడిగేవాళ్లకు గుండె జబ్బు, షుగర్ వంటివి ఉంటే, ప్రభుత్వం మీద ఆధారపడకుండా వైద్య ఖర్చు భరించుకోగలరా అన్నది చూడాలని అందులో ఉన్నట్టు అక్కడి మీడియా రిపోర్ట్ చేసింది. ఇన్సూరెన్స్ ప్లాన్ ఏంటనే ప్రశ్న ఇక వీసా ఇంటర్వ్యూ కౌంటర్ దగ్గరే ఎదురుకావచ్చు.

బిల్లు వచ్చేసింది.. ఇప్పుడేం చేయాలి?

ఇన్సూరెన్స్ లేదని ఎమర్జెన్సీలో చూడకుండా పంపించేస్తారేమో అన్న భయం ఉంటుంది. అమెరికాలో 1986 నుంచి ఉన్న చట్టం ప్రకారం మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగం ఎవరినైనా పరీక్షించాలి, పరిస్థితి నిలకడగా వచ్చేదాకా చూడాలి. డబ్బుందా లేదా అన్నది తర్వాత. కాబట్టి ప్రాణం మీదకొస్తే 911కు ఫోన్ చేయడానికి వెనకాడొద్దు. బిల్లు మాత్రం వస్తుంది, అంబులెన్స్‌కు వేరుగా వస్తుంది. జలుబు, చిన్న గాయం లాంటి వాటికి ఎమర్జెన్సీకి కాకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్తే ఖర్చు చాలా తక్కువ.

బిల్లు చూడగానే క్రెడిట్ కార్డు తీయడం తొందరపాటు. ముందు ఐటమ్ వారీగా బిల్లు అడగాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రి అయితే ఆర్థిక సాయం పాలసీ తప్పనిసరిగా ఉండాలి, మొదటి బిల్లు వచ్చినప్పటి నుంచి కనీసం 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. విజిటర్లకు వర్తింపజేస్తారా లేదా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. అడిగితే పోయేదేం లేదు. ఇంకో మాట.. బిల్లు పేషెంట్ పేరు మీద వస్తుంది. అడ్మిషన్ హడావుడిలో 'గ్యారంటర్' అని ఉన్న చోట కొడుకు సంతకం పెట్టేస్తే అది అతని అప్పు అయిపోతుంది. ఆ కాగితం చదివి సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

పెద్ద బిల్లు వచ్చాక ఆన్‌లైన్‌లో విరాళాలు అడగడం, తెలుగు సంఘాల సాయం కోరడం తరచూ చూస్తున్నదే. తానా టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు కష్టకాలంలో నిలబడుతున్నాయి, అందులో అనుమానం లేదు. కానీ 200 డాలర్ల ప్రీమియం దగ్గర బేరమాడి, తర్వాత తెలియనివాళ్ల ముందు చేయి చాచాల్సి రావడం ఏ తండ్రికైనా నామోషీయే.

కొనేముందు ఏజెంట్‌కు ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి. "మా నాన్నకు 68, పదేళ్లుగా బీపీ, ఆరేళ్లుగా షుగర్. హఠాత్తుగా గుండెపోటు వస్తే ఈ ప్లాన్‌లో ఎంత వరకు కవర్ అవుతుంది, ఏ షరతుల మీద?" అని సూటిగా అడగండి. ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి సార్" అని చెప్పేవాళ్లు కూడా ఈమెయిల్‌లో జాగ్రత్తగా రాస్తారు. అడ్మిట్ అయితే ఎన్ని గంటల్లో కంపెనీకి చెప్పాలో కూడా అడగండి. చాలా పాలసీల్లో 48 గంటల్లోపు చెప్పకపోతే ఇచ్చే మొత్తంలో కోత పడుతుంది. పాలసీని విమానం ఎక్కే తేదీ నుంచే మొదలుపెట్టండి. దిగాక కొంటే కొన్ని ప్లాన్లలో మొదటి రెండు రోజులు జబ్బులకు కవర్ ఉండదు. మందులకు డాక్టర్ రాసిన చీటీ, జబ్బుల వివరాలతో ఇంగ్లిష్‌లో ఒక లెటర్ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండాలి. మాత్రలు ఒకేసారి ఆరు నెలలకు కాకుండా 90 రోజులకు తీసుకెళ్లాలన్నది అమెరికా అధికారుల మామూలు సూచన.

ఇండియా పాలసీని మాత్రం ఆపొద్దు

"ఆరు నెలలు అమెరికాలోనే ఉంటాం కదా, ఇక్కడి పాలసీకి దండగ ప్రీమియం ఎందుకు?" అని రెన్యువల్ ఆపేసేవాళ్లు ఉన్నారు. అన్నింటికంటే ఖరీదైన పొదుపు ఇదే. ఇండియాలో కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. పాత పాలసీలో ఇప్పటికే ఆ మూడేళ్లు పూర్తయి ఉంటే, దాన్ని వదులుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టినట్టు. మోకాలి సర్జరీ, కంటి ఆపరేషన్ లాంటివి అమెరికా విజిటర్ ప్లాన్‌లో కుదరవు, చివరికి వచ్చి చేయించుకునేది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో. అప్పుడు పనికొచ్చేది ఈ పాలసీయే.

పైగా ఈమధ్య రూల్స్ కొంత పెద్దవాళ్లకు అనుకూలంగా మారాయి. 2024 ఏప్రిల్ నుంచి పాలసీ కొనడానికి 65 ఏళ్ల పరిమితి లేదు. సీనియర్ సిటిజన్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశాలొచ్చాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది.

రెన్యువల్ తేదీ అమెరికాలో ఉండగా పడుతుందేమో టికెట్ బుక్ చేసే రోజే చూసుకోవాలి. ఏడాది ప్రీమియం పాలసీలకు సాధారణంగా 30 రోజుల గ్రేస్ ఉంటుంది. రిమైండర్ మెసేజ్, పేమెంట్ ఓటీపీ వెళ్లేది మాత్రం నాన్న ఇండియా నంబర్‌కే. ఆ సిమ్‌కు రీచార్జ్ చేయించి, రోమింగ్ ఆన్ చేయించి తీసుకెళ్లండి. లేదా బయల్దేరే ముందే కట్టేయండి.